ఖాళీ బస్సుకు రెండు ఈలలు

నేను ఒక ఈలను. కండక్టరు మెళ్ళో తాడుకు వేలాడే రకం. ఒంటికి ఇత్తడి, పైన ఒకప్పుడు తెల్లటి పూత, కడుపులో బెండు గోళీ. కథలోకి వెళ్ళేముందు మా ఇంటావిడ విశాలాక్షి మీద నాకొక ఫిర్యాదు ఉంది, అది కాస్త వినండి. ఇరవై ఎనిమిదేళ్ళు యాభై సీట్ల బస్సును ఒక్క కూతతో నిలబెట్టిన నన్ను ఆవిడ పోపుల డబ్బాలో పడేసింది. ఒక పక్క ఆవాలు, ఒక పక్క మెంతులు, నడుమ నేను. ఇంగువ ఉండవలసిన గిన్నె నాకు కేటాయించింది. ఎందుకయ్యా అంటే కోతులట. మిద్దె మీద వడియాలు పెట్టిన రోజున కోతుల మంద దిగుతుంది. పరిగెత్తబోయేముందు వంటింట్లో ఆవిడ చేతికి మొదట తగిలేది పోపుల డబ్బా. కాబట్టి నేను అక్కడే ఉండాలి. ఆవిడ ఆలోచనలో తప్పు పట్టడానికి ఏమీ దొరకదు. ఆవిడతో వచ్చిన చిక్కే అది.

ఆ కాపురంలో ఉండగానే ఒక ఆవగింజ నా గొంతులోకి జారి అక్కడే స్థిరపడిపోయింది. దాని పని తరవాత పడుతుంది.

నేను పుట్టింది ఉత్తరాదిన ఎక్కడో ఒక ఇత్తడి పనివాళ్ళ వీధిలో. రేకు కత్తిరించారు, వంచారు, అతికారు, సానబట్టారు. చిట్టచివర బెండు గోళీని నా నోటి సందులోంచి నొక్కి లోపలికి తోశారు. అది మళ్ళీ బయటికి రాలేదు. మనుషుల కడుపులో మాటలు కూడా ఇంతేనని అప్పట్లో నాకు తెలియదు. ఆ వీధి చివర ఒక ముసలాయన కూర్చుని ప్రతి ఈలనూ ఒక్కసారి ఊది గంపలో వేసేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊదేవాడు. ఆయన ఊదితే ఒక్కరూ ఆగేవాళ్ళు కాదు, ఒక్కరూ కదిలేవాళ్ళు కాదు. మా జాతిని ఊదినవాళ్ళలో అంత ప్రశాంతంగా బతికిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

నా మొదటి యజమాని వెంకటప్పయ్య గారు, హైస్కూలు డ్రిల్లు మేష్టారు, విశాలాక్షి తండ్రి. నన్ను ఊది పిల్లల చేత మైదానం చుట్టూ పరుగులు పెట్టించేవారు. తాను మాత్రం వేపచెట్టు కింద కుర్చీలోంచి లేచేవారు కాదు. క్రమశిక్షణ అంటే ఏమిటో నేను అక్కడే నేర్చుకున్నాను.

ఆయన రిటైరైన ఏడాదే ఇంట్లో రెండు ఉద్యోగాలు వచ్చాయి. అల్లుడు కోటిలింగానికి బస్సు డిపోలో కండక్టరు ఉద్యోగం, కొడుకు ప్రభాకరానికి అదే డిపోలో డ్రైవరు ఉద్యోగం. నా కోసం బావా బావమరుదులిద్దరూ చెయ్యి చాపారు. మేష్టారు ఒక్క క్షణం ఆలోచించి నన్ను అల్లుడి చేతిలో పెట్టారు.

"డ్రైవరుకు ఈలెందుకురా? నువ్వు వింటే చాలు. ఊదేవాడికి ఊపిరి కావాలి, వినేవాడికి నమ్మకం కావాలి," అన్నారు కొడుకుతో.

అదృష్టమో ఏమో, ఇద్దరికీ ఎక్కువగా ఒకే బస్సు మీద డ్యూటీ పడేది. మా భాషలో రెండే మాటలు. ఒక ఈల ఊదితే ఆగాలి, రెండు ఊదితే కదలాలి. వెనక నిండా జనం, టాపు మీద కోళ్ళ గంపలు, మిరపకాయ టిక్కీ బస్తాలు. ప్రభాకరానికి వెనక ఏముందో కనపడేది కాదు. నేను రెండుసార్లు మోగితే చాలు, ఇక వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. తొమ్మిదేళ్ళు అలా నడిచింది. మధ్యాహ్నం డిపో అరుగు మీద ఇద్దరూ ఒకే క్యారేజీ విప్పుకుని, గోంగూర ఎవరికెంత వచ్చిందని తగువాడుకునేవాళ్ళు.

తరవాత సమ్మె వచ్చింది.

డ్రైవర్లు, కండక్టర్లు అందరూ డిపో గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. ప్రభాకరం మొదటి వరసలో కూర్చున్నాడు. కోటిలింగం గారిది నాలుగో వరస, నీడ ఉండే చోటు. పద్దెనిమిదో రోజున మేనేజరు ఆయన్ను లోపలికి పిలిపించాడు. "పైకి లిస్టు పంపమంటున్నారు. నీ పేరు ఏ లిస్టులో రాయమంటావు?" అని అడిగాడు. మేనేజరుకు పైనుంచి చెప్పారట. ఆ పైవాళ్ళకు ఇంకా పైనుంచి చెప్పారట. మనుషుల్లో ఏ పనికైనా పైన ఎవరో ఒకరు ఉంటారు. నాకు మాత్రం పైన ఉన్నవి కోటిలింగం గారి రెండు పెదవులే. అవి ఆ పూట తడారిపోయి ఉన్నాయి.

బస్సులు నడుస్తున్నాయని ఊరికి చూపించాలి, అంతే. ఎవరో కిరాయి డ్రైవర్ని తెచ్చారు, కండక్టరుగా కోటిలింగం గారిని ఎక్కించారు. ముందు పోలీసు జీపు, వెనక మా బస్సు. యాభై సీట్లు ఖాళీ. ఒక్క ప్రయాణికుడు లేడు, ఒక్క గంప లేదు. గేటు దగ్గర అందరూ లేచి కేకలు వేశారు. ప్రభాకరం ఒక్కడే ముందుకొచ్చి బస్సు మూతి మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. అద్దంలోంచి బావను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. బావ ఒక్క ఈల ఊదుతాడని నమ్మకం.

కోటిలింగం గారు రెండు ఊదారు.

బస్సు కదిలింది. ప్రభాకరం చివరి క్షణంలో పక్కకు తప్పుకున్నాడు. నాలుగు రోజుల తరవాత సమ్మె ముగిసింది. అందరినీ పనిలోకి తీసుకున్నారు, బస్సులకు అడ్డం పడ్డారని లిస్టులో ఉన్న ఏడుగురిని తప్ప. ఆ ఏడుగురిలో ప్రభాకరం ఒకడు. అప్పటి నుంచి ఒక రైసుమిల్లు వ్యాను నడుపుతున్నాడు. వ్యానుకు కండక్టరు ఉండడు, ఈల ఉండదు.

ఇప్పుడు మనుషుల ప్రతిభ చూడండి. ఆ సాయంత్రం కోటిలింగం గారు ఇంటికొచ్చి నన్ను మేకుకు తగిలించి పడుకున్నారు. మొదటి సంవత్సరాంతానికి ఆ ఖాళీ బస్సులోకి జ్వరంతో ఉన్న ఒక ముసలమ్మ ఎక్కింది. "పాపం, ఆసుపత్రికి పోవాల్సిన మనిషి, ఆపేస్తే ఎట్టా?" అన్నారు ఎవరితోనో. మూడో ఏటికి ముసలమ్మ దిగిపోయి నిండు చూలాలు ఎక్కింది. ఆరో ఏట ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. రిటైర్మెంటు సన్మానంలో మాట్లాడుతూ, ఆమెకు కవలలు పుట్టారనీ, తల్లీ పిల్లలూ క్షేమమనీ మైకులో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను దండల మధ్య ఆయన మెడలోనే ఉన్నాను. ఎక్కిన ప్రతి మనిషికీ టిక్కెట్టు కొట్టే ఆయన, ఆ చూలాలికి టిక్కెట్టు కొట్టడం నేను చూడలేదు.

పందొమ్మిదేళ్ళు బావా బావమరుదులకు మాటల్లేవు. పెళ్ళిళ్ళలో ఒకరు మొదటి బంతిలో తింటే రెండోవారు మూడో బంతిలో తినేవారు. విశాలాక్షి రెండో బంతిలో కూర్చునేది.

ఈ వేసవిలో ప్రభాకరం కూతురికి పెళ్ళి కుదిరింది. శుభలేఖ ఇవ్వడానికి అతను వాకిట్లోకి వచ్చాడు, గడప దాటలేదు.

"అక్కా, ఇంటి ఆడపడుచువి, నువ్వు రాకుండా పిల్ల పీటల మీద కూర్చోదు. బావ కూడా రావాలనే నాకుంది. కానీ ఒక్క ముక్క చెప్పి రమ్మను. ఆ రోజు బస్సులో ఎవరున్నారో."

లోపలి గదిలోంచి కోటిలింగం గారి గొంతు వినిపించింది. "ఎన్నిసార్లు చెప్పాల? నిండు చూలాలు!"

"అయితే ఆమెనే తీసుకురమ్మను పెళ్ళికి. కవలల్ని కూడా," అని ప్రభాకరం వెళ్ళిపోయాడు.

పెళ్ళి పది రోజుల్లో ఉంది. విశాలాక్షి శుభలేఖను పోపుల డబ్బా మీద పెట్టి, దాని వంక చూస్తూ చింతపండు పిసికింది. ఏడవలేదు. బి.ఏ. చదివిన మనిషి, ఏడవడానికి ముందు ఇంకేమైనా మార్గముందా అని చూస్తుంది.

అదే వారం ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క సినిమా హాల్లోకి 'నాలుగో గేటు' అనే సినిమా వచ్చింది. జూట్ మిల్లు మూయించి ఆ స్థలం కాజేయాలనుకునే మంత్రి, సమ్మెకట్టిన కార్మికులు, వాళ్ళ తరఫున నలుగురిని గాల్లోకి లేపే హీరో. ఆ మంత్రి అచ్చం మా నాయకుడిలాగే ఉన్నాడని ఒక పార్టీవాళ్ళు హాలు ముందు ధర్నా చేశారు. సినిమాలో మంత్రి దొంగ అని చెప్పారే తప్ప ఏ పార్టీయో చెప్పలేదు. అయినా వాళ్ళే గుర్తుపట్టారు. రెండో పార్టీవాళ్ళు హీరోకు ఫ్లెక్సీ కట్టి పాలు పోశారు. హాలు గేటు దగ్గర ఇద్దరు పోలీసుల్ని వేశారు. వాళ్ళు కూడా మొదటి ఆటే చూసేశారని వినికిడి.

"సమ్మె సినిమాలు నేను చూడను," అన్నారు కోటిలింగం గారు.

"అందులో బస్సు లేదండీ. జూట్ మిల్లు."

ఆయన నమ్మలేదు. పక్కింటాయన్ని పిలిచి బస్సుందా అని వాకబు చేశారు. లేదని తేలింది. అప్పటికి రెండు రోజులుగా కరెంటు సరిగ్గా లేదు, రోహిణి ఎండ పెంకులు పగలగొడుతోంది.

"హాల్లో ఏసీ కూడా వేశారట," అంది విశాలాక్షి, ఎవరితోనో అన్నట్టు.

మ్యాటినీకి బయల్దేరారు. నన్ను ఆవిడ పోపుల డబ్బాలోంచి తీసి హ్యాండుబ్యాగులో వేసుకుంది. హాల్లో కోతులుంటాయని కాదు. డిగ్రీ చదివే రోజుల్లో మగపిల్లలు హాలు అదిరేలా ఈలలు వేస్తుంటే, ఆడపిల్లల వరసలో ఓణీ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్న మనిషి ఆవిడ. వేళ్ళు నోట్లో పెట్టుకుని ఇంట్లో చాలాసార్లు ప్రయత్నించింది కూడా. గాలి వచ్చేది, చప్పుడు వచ్చేది కాదు. ఆ ముచ్చట తీరకుండానే మనవలొచ్చేశారు.

బాల్కనీలో మూడు సీట్లు తీసింది. మూడో సీట్లో ప్రభాకరం కూర్చుని ఉన్నాడు. అక్క ఒక్కతే వస్తుందని అతనికి చెప్పారు. మనమిద్దరమే వెళ్తున్నామని ఈయనకు చెప్పారు.

"ఏందే ఇది?" అన్నారు కోటిలింగం గారు.

"సినిమా."

"వాడెందుకొచ్చాడు?"

"టిక్కెట్టు కొనుక్కున్నవాళ్ళను ఎందుకొచ్చావని అడగొచ్చా? మీ బస్సులో ఎప్పుడన్నా అడిగారా?"

టిక్కెట్టు కొట్టించుకున్నాక మధ్యలో దిగిపోయే ప్రయాణికుల్ని ఆయన జీవితంలో క్షమించలేదు. ఇప్పుడు తానే దిగడం ఎలా? కూర్చున్నారు. నడుమ విశాలాక్షి గోడలా కూర్చుంది. లైట్లు ఆర్పేశారు.

హీరో రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ముందు అతని చెప్పులు వచ్చాయి, తరవాత నీడ వచ్చింది, తరవాత అతని గురించి నలుగురు భయపడుతూ చెప్పుకున్నారు. చివరికి మిల్లు పొగలోంచి మనిషి వచ్చేసరికి హాలు కప్పు లేచింది. కాగితాలు ఎగిరాయి. విశాలాక్షి బ్యాగు తెరిచింది, కొంగుతో నన్నొక తుడుపు తుడిచింది, ఊదింది. ఒకటి కాదు, రెండు కాదు, ఊపిరి ఉన్నంతసేపు.

నాకు కొంచెం వింతగా అనిపించింది. పుట్టిందగ్గర్నుంచి ఆగమనడానికో, కదలమనడానికో మోగాను. కోతుల్ని పొమ్మనడానికి మోగాను. ఎవరికీ ఏమీ చెప్పకుండా ఊరికే మోగడం అదే మొదటిసారి. బెండు గోళీ అంత గిరగిరా తిరగడం నేనెరగను.

ముందు వరస కుర్రాళ్ళు వెనక్కి తిరిగారు. "ఆంటీ, కేక!"

"ముందుకు చూడండి నాయనా, ఫైటు అయిపోద్ది," అంది ఆవిడ.

"పరువు తీస్తన్నావు గదే. బయట పోలీసులున్నారు," అన్నారు కోటిలింగం గారు.

"మీరు ఇరవై ఎనిమిదేళ్ళు ఊదారు. నేనొక్కసారి ఊదా. ఊరుకోండి."

మంత్రి అసెంబ్లీలో అబద్ధాలు చెప్పాడు, ఈల. హీరో చెల్లెలు మైకు లాక్కుని మంత్రిని నిలదీసింది, ఈల. ప్రభాకరం అక్క వంక చూసి నవ్వు ఆపుకున్నాడు. కోటిలింగం గారు ముఖం తిప్పుకున్నారు కానీ, మంత్రి మనిషి మెట్ల మీంచి దొర్లినప్పుడు ఆయన పిడికిలి కుర్చీ చేతిని గుద్దింది. నేను చూశాను.

విశ్రాంతిలో విశాలాక్షి మూడు కర్రీపఫ్‌లు తెచ్చి, "ముందు ఎవరిదో కొప్పు అడ్డమొస్తంది, మీరిటు జరగండి," అని భర్తను నడుమ సీట్లోకి నెట్టింది. ముందు వరసలో కొప్పున్నవాళ్ళెవరూ లేరు. అందరూ క్రాపు కుర్రాళ్ళే. ఇప్పుడు బావా బావమరుదులకు నడుమ ఒక కుర్చీ చెయ్యి మాత్రమే ఉంది. దాని మీద ఇద్దరూ మోచెయ్యి పెట్టలేదు.

ఇక ఆ సీను. మిల్లు నడుస్తోందని ఊరికి చూపించాలని మంత్రి హుకుం. నాలుగో గేటులోంచి పోలీసు జీపు వెనక ఒక లారీ బయల్దేరింది. లోపల నిండా సరుకున్నట్టు పైన పట్టా కట్టారు. గేటు ముందు కార్మికులు కూర్చున్నారు. గాలికి పట్టా అంచు లేచింది. లారీలో ఏమీ లేదు.

కోటిలింగం గారి నోట్లో పఫ్ నమలడం ఆగిపోయింది.

క్లీనరు లారీ ఒంటి మీద రెండు దెబ్బలు వేశాడు. పోనీ, పోనీ. హీరో ఒక్కడే లేచి ఎదురుగా వచ్చాడు. లారీ ఆగలేదు. హాల్లో కేకలు, ఈలలు. పక్కనున్న ప్రభాకరం కుర్చీలో బిగుసుకుపోయాడు. అతను ఈ సినిమా అప్పటికే రెండుసార్లు చూశాడు. లారీ ఆగుతుందని అతనికి తెలుసు. అయినా బిగుసుకుపోయాడు. తెర మీద హీరో అరచెయ్యి చాపాడు.

కోటిలింగం గారు భార్య చేతిలోంచి నన్ను లాక్కుని, నిలబడి, ఊదారు.

ఒక్కటే. పొడుగ్గా.

నాలుగొందల మంది గోలలో ఒక ఈల ఎవరికి వినిపిస్తుంది? ఒక్కడికి వినిపించింది. ప్రభాకరం కుడికాలు తనంతట తానే లేచి, నేల మీద లేని బ్రేకును గట్టిగా తొక్కింది.

లారీ ఆగింది. ఒక్క చేత్తో లారీని ఆపడం సాధ్యమా అని నన్నడగకండి. హాల్లో ఎవరికీ ఆ సందేహం రాలేదు. నాకు తెలిసిన ఒక మనిషి కూడా ఒకసారి అలాగే చెయ్యి పెట్టాడు. అతని వెనక సంగీతం లేదు కాబట్టి బస్సు ఆగలేదు, అంతే తేడా.

హాలంతా ఊగిపోతోంది. కోటిలింగం గారు మాత్రం నన్ను పళ్ళ మధ్య పెట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ప్రభాకరం తల ఎత్తి చూశాడు. పందొమ్మిదేళ్ళ తరవాత బావతో మొదటి మాట అన్నాడు.

"కళ్ళల్లో నీళ్ళేంది బావా?"

ఆయన నన్ను నోట్లోంచి తీసి, నాలుక మీద తగిలినదాన్ని వేలితో తీసి చూపించారు. "ఆవగింజ. ఈలలోంచి వచ్చింది."

"ఓహో. ఆవగింజా? నిండు చూలాలేమో అనుకున్నా."

ఇటు పక్క విశాలాక్షి నవ్వలేదు. తెర వంకే చూస్తోంది కానీ, చేతిలో పఫ్ పొడిపొడి అయిపోతోంది.

కోటిలింగం గారు కూర్చున్నారు. నన్ను పిడికిట్లో పట్టుకున్నారు. ఆ అరచెయ్యి తడి నాకు కొత్త కాదు. డిపో గేటు దగ్గర కూడా ఇంతే తడి. కాసేపటికి తెర వంక చూస్తూనే ఏదో గొణిగారు.

"ఏంది? వినపళ్ళా," అన్నాడు ప్రభాకరం.

వినపడింది. ఆ పిడికిట్లో ఉన్న నాకే వినపడింది, పక్కన చెవి ఒగ్గి కూర్చున్నవాడికి వినపడదా? కానీ పందొమ్మిదేళ్ళు ఆగిన మనిషి, రెండోసారి వినే హక్కు అతనికి ఉందనే నా అభిప్రాయం.

"గట్టిగా చెప్పు బావా. గోలగా ఉంది."

కోటిలింగం గారు రద్దీ బస్సులో వెనక డోరు దాకా వినపడేలా గొంతు పెంచారు. సరిగ్గా అప్పుడే తెర మీద హీరో తల్లి జెండా చేతికి తీసుకుంది, సంగీతం ఆగింది, హాలంతా సద్దుమణిగింది. దాంతో ఆయన మాట బాల్కనీ మొత్తానికి వినిపించింది.

"బస్సు ఖాళీరా ప్రభా! చూలాలు లేదు, ముసలమ్మ లేదు, ఎవరూ లేరు. లిస్టని మేనేజరు బెదిరిస్తే భయపడి రెండూదా. ఒకటి ఊదాల్సింది. తప్పు నాదేరా."